మోత ఆపిన మొనగాడు

జనాల ఫైళ్లు దాచే క్లౌడ్ సర్వర్లను కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాంలో బగ్ వస్తే ఆఫీసంతా మన మొనగాణ్ణే పిలుస్తుంది. ఆయన తీరిగ్గా వేళ్లు విరుచుకుంటాడు, కళ్లద్దాలు తుడుచుకుంటాడు, అసలు తప్పు జోలికి మాత్రం ఛస్తే పోడు. తప్పు జరిగిందని అరిచే కోడ్ లైనును పీకేస్తాడు. తెర మీద ఎర్ర హెచ్చరిక పోతుంది. "చిటికెలో సెట్ చేశా" అని వెనక్కి వాలి, చప్పట్ల కోసం చుట్టూ చూస్తాడు. మొన్న సర్వర్ నిండిపోయి జనాల ఫైళ్లు గల్లంతైనప్పుడు కూడా, "ఎర్రర్ రాలేదుగా!" అని దబాయించాడు.

నిన్న వంటింట్లో గ్యాస్ అలారం గీపెట్టింది. ఆయన స్టూలెక్కి దాని బ్యాటరీ ఊడబెరికాడు. పరుగెత్తుకొచ్చిన భార్యతో "బాగుచేశాలే" అన్నాడు.

"బాగుచేశారా, మీ తలకాయ! వాసన రావట్లేదూ?" అంటూ ఆమె సిలిండర్ కట్టేసి, కిటికీలు బార్లా తెరిచింది.

ఆయన బ్యాటరీని జేబులో వేసుకుని, చప్పట్ల కోసం చూస్తూ స్టూలు మీదే నిలబడ్డాడు.