వ్యాను తలుపు తియ్యని బావ్‌గుయ్

లువోదోంగ్ ఊళ్ళో కుళాయిలు, వాష్‌బేసిన్లు అమ్మే యూ జెన్‌కున్‌కి యాభై నాలుగో ఏట సైకిల్ పిచ్చి పట్టింది. తనకు పట్టింది చాలక ఇంకో నలుగురికి అంటించాడు. వాళ్ళలో పళ్ళ డాక్టరు లాన్ ఒకడు. వరసగా మూడు రోజులు సెలవొస్తే చాలు, అయిదుగురూ ఒంటికి అతుక్కుపోయే చొక్కాలు వేసుకుని, పొట్టలు లోపలికి లాక్కుని, కొండలకేసి బయల్దేరేవాళ్ళు. వెనకాల నీళ్ళు, అరటిపళ్ళు, చలికోట్లు, స్పేరు ట్యూబులు వేసుకుని వ్యాను నడిపేది జెన్‌కున్ భార్య బావ్‌గుయ్.

బావ్‌గుయ్ నాన్‌ఫాంగావ్ రేవులో పుట్టిన మనిషి. ఇరవై రెండో ఏటనే తండ్రి చేపల లారీ ఎక్కింది. తైపే దారిలో కొండ కింద సొరంగం ఇంకా పడని రోజులవి. ఆ తొమ్మిది మలుపుల ఘాటు మీద, వానలో, పొగమంచులో, వెనక పెట్టెల్లో ఐసు కరగకముందే తైపే మార్కెట్టుకి చేరాలి. పద్నాలుగేళ్ళు అలా నడిపింది. ఏనాడూ ఏ మలుపు దగ్గరా ఆగి ఫోటో దిగలేదు. అలాంటి మనిషికి ఈ అయిదుగురూ కొండెక్కి, సైకిళ్ళు నెత్తి మీదకెత్తి, నోళ్ళు తెరిచి కేకలేస్తుంటే ఎలా ఉంటుంది? బజారులో అరువు మీసాలు పెట్టుకుని తిరిగే పెద్దమనుషుల్ని చూసినట్టుండేది.

పైగా మొగుడి సంగతి ఆమెకొక్కదానికే తెలుసు. మూడేళ్ళ కిందట వూలింగ్ శిఖరం ఎక్కుతూ, చివరి పది కిలోమీటర్ల నిటారు దారిలో, మిగతావాళ్ళు కనుమరుగయ్యాక జెన్‌కున్ చెయ్యి ఊపి వ్యాను ఆపాడు. మోకాలు పట్టేసిందన్నాడు. సైకిలు వెనకేసి తనూ ఎక్కాడు. శిఖరం ఇంకో మలుపు ఉందనగా దిగి, సీసాడు నీళ్ళు నెత్తిన కుమ్మరించుకుని, చెమటలు కారుతున్నవాడిలా తొక్కుకుంటూ పోయాడు. పైన అందరూ భుజం తట్టారు. అప్పట్నుంచి ప్రతి పెద్ద కొండ మీదా అదే మోకాలు, అదే మలుపు, అదే నీళ్ళ సీసా. బావ్‌గుయ్ ఎవరికీ చెప్పలేదు. మొగుడి మీద ప్రేమతో కాదు. చెప్పడానికి కూడా తగని విషయమనిపించి ఊరుకుంది.

ఈసారి అక్టోబరు సెలవుల్లో మళ్ళీ వూలింగ్ పెట్టుకున్నారు. మొదటి రోజు సాయంత్రానికి లీషాన్ అనే కొండ ఊరు చేరి, సత్రంలో భోజనానికి కూర్చున్నారు. కోడి పులుసు, వేయించిన క్యాబేజీ వచ్చాయి. లాన్ డాక్టరు మర్యాదకి అన్నాడు:

"వదినా, మీరూ ఒక సైకిలు కొనుక్కోకూడదూ? రోజంతా వ్యానులో విసుగు పుట్టదూ?"

ఆమె నోరు తెరవకముందే జెన్‌కున్ అందుకున్నాడు. "దానికేం విసుగు! కూర్చుని స్టీరింగు తిప్పడమేగా. కొండంటే ఏంటో తెలియాలంటే సొంత కాళ్ళతో ఎక్కాలయ్యా. కాళ్ళు కాదు, అసలు మనసు ఎక్కాలి."

నలుగురూ తలలూపారు. బావ్‌గుయ్ తన గిన్నెలో పులుసు చివరిదాకా తాగి, లేచి పడుకోవడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు దాయూలింగ్ కూడలి దాటి నాలుగు కిలోమీటర్లు ఎక్కాక, అలవాటు ప్రకారం జెన్‌కున్ వెనకబడ్డాడు. అలవాటు ప్రకారం చెయ్యి ఊపాడు. ఆమె వ్యాను ఆపి, అద్దం నాలుగు వేళ్ళ మేర దించింది.

"తలుపు తియ్యి."

"ఎందుకు?"

"ఎందుకేంటి? మోకాలు!"

"రాత్రి నాకు కొండ గురించి పాఠం చెప్పినప్పుడు బాగానే ఉందిగా మోకాలు?"

"అబ్బా, మాట జారాను. నలుగురిలో అలా అంటూంటాం. తియ్యవే, చలేస్తోంది."

"మనసు ఎక్కాలన్నావుగా. ఎక్కించు."

"బావ్‌గుయ్! నేనిక్కడ గుండాగి చస్తే?"

"ఫోనుందిగా జేబులో. చచ్చేముందు చెయ్యి."

అద్దం పైకెత్తి గేరు వేసింది. యాభై గజాలు పోయాక మళ్ళీ ఆపి, దిగి, అతని చలికోటు కిలోమీటరు రాయి మీద పెట్టి, ఎగిరిపోకుండా పైన చిన్న బండరాయి ఉంచి వెళ్ళింది. పక్క అద్దంలో అతను సైకిలు పట్టుకుని నించుని కనిపించాడు. జాలి కలుగుతుందేమోనని ఒక క్షణం చూసుకుంది. కలగలేదు.

పైన విపరీతమైన గాలి. నలుగురూ అప్పటికే చేరి, శిఖరం పేరు చెక్కిన రాయి దగ్గర వరసలో నించున్నారు. జెన్‌కున్ ఏడని అడిగారు. "తొక్కుతున్నాడు" అంది. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అరగంట గడిచింది. గంట గడిచింది.

చివరికి లీషాన్ నుంచి పూలీ మార్కెట్టుకి పోయే క్యాబేజీ లారీ ఒకటి మూలుగుతూ ఎక్కి వచ్చి ఆగింది. వెనక, క్యాబేజీ బుట్టల మీద, సైకిలు ఒళ్ళో పెట్టుకుని జెన్‌కున్ కూర్చుని ఉన్నాడు. శిఖరం చూడ్డానికొచ్చిన సెలవుల జనమంతా తలలు తిప్పారు. ఒక ముసలావిడ ఫోను తీసి ఫోటో కొట్టింది. అతను దిగుతుంటే చొక్కా వెనక పెద్ద క్యాబేజీ ఆకు అంటుకుని ఉంది. బావ్‌గుయ్ అది చూసీ తీయలేదు.

స్నేహితులు నవ్వుతారనుకుంది. తిడతారనుకుంది. ఏదీ జరగలేదు. ఒకడు పరిగెత్తి సైకిలు దించాడు, ఇంకొకడు హెల్మెట్ సరిచేశాడు. "రా అన్నా, మధ్యలో నించో, మబ్బు కమ్మేస్తోంది" అని లాన్ డాక్టరు చెయ్యి పట్టి లాగాడు.

"లారీ మీద వచ్చినాయనకి ఫోటో ఏంటి?" అంది బావ్‌గుయ్.

లాన్ ఆమెను పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "వదినా, మాకు తెలీదనుకున్నారా? మూడేళ్ళుగా తెలుసు. తడి తలతో, పొడి వీపుతో వస్తాడు కదా ఆయన! పోనీలెండి. ఆలీషాన్ కొండకి వెళ్ళినప్పుడు నేను మాత్రం? ఊరు దాటాక బస్సెక్కాను. అదిగో, ఆ గళ్ళ టోపీ ఆయన బ్యాటరీ సైకిలు తెచ్చాడు, మేం అడిగామా? స్నేహితులన్నాక చూసీ చూడనట్టు పోవాలి. మీరేమో నలుగురిలో పరువు తీశారు."

ఆమె లాన్‌ని చూసి, రాయి దగ్గరున్న నలుగురికేసి తిరిగింది. వాళ్ళు అప్పటికే సైకిళ్ళు నెత్తి మీదకెత్తి పళ్ళికిలిస్తున్నారు. ఇన్నాళ్ళూ ఒక్కడినే తక్కువగా చూశానే, మిగతా నలుగురికీ అన్యాయం చేశానే అనుకుంది. వ్యాను తాళంచెవి లాన్ చేతిలో పెట్టింది.

"ఇదేంటి వదినా?"

"కూర్చుని తిప్పడమేగా. మీరు తిప్పుకోండి."

వెళ్ళి, ఇంకా అక్కడే ఆగి ఉన్న క్యాబేజీ లారీ ఎక్కింది. డ్రైవరు ఆషెంగ్ అరవై దాటిన మనిషి. ఏమీ అడక్కుండా సీటు మీది తువ్వాలు తీసి చోటిచ్చాడు. పూలీ వైపు దిగుడు మొదలైంది. నాలుగు మలుపులయ్యాక బావ్‌గుయ్ ఉండబట్టలేక అంది:

"బ్రేకు మీంచి కాలు తియ్యన్నా. కాలిపోతున్న వాసనొస్తోంది. రెండో గేరులో దించు."

"నువ్వు నడిపావా ఎప్పుడన్నా?"

"పద్నాలుగేళ్ళు. చేపలు."

ఆషెంగ్ లారీ వారగా ఆపి, దిగి, అటు తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. పూలీ దాకా ఆమే దించింది. కిందికొచ్చేసరికి ఆయన నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు.

మర్నాడు రైల్లో ఇంటికి చేరింది. జెన్‌కున్ మూడు రోజులు కొట్లోనే భోంచేసి, నాలుగో రోజు ఒక్కసారిగా విరుచుకుపడ్డాడు. "కొండ మీద నా పరువంతా గంగలో కలిపావు!" ఆమె బేసిన్ తుడుస్తూ, "కలపడానికి ఉండాలిగా" అంది. వూలింగ్ ఫోటో మాత్రం పెద్దది చేయించి కొట్లో కుళాయిల పైన తగిలించాడు. కొనుగోలుదారులు చూసి మెచ్చుకుంటే ఇప్పటికీ వినయంగా నవ్వుతాడు.

వ్యాను నడిపే మనిషి లేకపోయేసరికి ఆ అయిదుగురూ కొండలు మానేశారు. సముద్రం ఒడ్డున తోచెంగ్ దాకా చదును రోడ్డు మీద వెళ్ళి, ఉల్లికాడల రొట్టెలు తిని వస్తున్నారు. క్యాబేజీ కోతల కాలంలో బావ్‌గుయ్ శనివారాలు ఆషెంగ్ లారీ నడపడానికి వెళ్తోంది.

ఒక ఆదివారం సాయంత్రం జెన్‌కున్ సోఫాలో కాళ్ళు చాపుకుని మూలిగాడు. "పిక్కలు పట్టేశాయే. కాస్త నూనె రాయవూ?"

"ఎంత తొక్కావు?"

"నలభై కిలోమీటర్లు. ఎదురుగాలి మరి!"

ఆమె నూనె సీసా తెచ్చి అతని పక్కన పెట్టి, వచ్చే శనివారం లీషాన్‌లో పొగమంచు ఉంటుందేమో చూద్దామని టీవీలో వాతావరణ వార్తలు పెట్టుకుంది.