పుట్టిన తేదీ లేనివాళ్ళు

సబీహా పన్నెండేళ్ళ కిందట నరసరావుపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చీట్లు రాసే పనికి చేరింది. పల్లెల నుంచి వచ్చే ముసలివాళ్ళను పుట్టిన తేదీ అడిగితే, "కోటప్పకొండ తిరనాళ్ళలో ప్రభ ఒరిగిన ఏడు పుట్టానంట" అనేవాళ్ళు. ఆ ఏడు ఏదో లెక్కకట్టే తీరిక ఎవరికుంది? కంప్యూటర్‌లోని తేదీ గడిలో సబీహా వరసగా సున్నాలు కొట్టేసేది. రికార్డులు దాచే అప్పటి సర్వర్ ఏది పెట్టినా మింగేది.

ఇప్పుడు ఆసుపత్రి కంప్యూటర్లన్నీ సబీహా చేతిలోనే ఉన్నాయి. ఆ పాత సర్వర్ మూలుగుతోందని, ఆదివారం రికార్డులన్నీ కొత్త సర్వర్‌లోకి ఎక్కించింది. దానికి సున్నాల తేదీ పడదు. 1,846 వరసలు వదిలేశానని తెర మీద చూపింది. రెండుసార్లు ఎక్కిన పేర్లేలే అనుకుని సబీహా సరే నొక్కింది. చోటు చాలదని మధ్యలో తీసిన కాపీని కూడా చెరిపేసింది. తొందరపాటుకు మందు లేదు.

సోమవారం పొద్దున శావల్యాపురం నుంచి అన్నపూర్ణమ్మ అనే ముసలామెను స్పృహ లేకుండా తెచ్చారు. ఒళ్ళు కాలిపోతోంది. పాత రికార్డేమీ లేదని కంప్యూటర్ చూపింది.

"లేకపోవటమేంది?" అన్నాడు కొడుకు యల్లమంద. "పోయినసారి ఏదో సూది పడక చావుదాకా పోయింది. ఆ పేరు మీరే రాసుకున్నారు గదా."

"అమ్మ పుట్టిన తేదీ తెలుసా అన్నా?"

"ఆమెకే తెలవదు."

ఆదివారం వదిలేసిన వరసలు సున్నాల తేదీలవేనని సబీహాకు అప్పుడు అర్థమైంది. పైనుంచి డాక్టర్ సుప్రజ ఫోన్ చేసింది. "పావుగంటకు మించి ఆగలేను సబీహా. ఏ మందు పడదో చెప్పు."

స్టోర్ గదిలో పాత సర్వర్‌కు వైర్లు తగిలించింది. లేవలేదు. మళ్ళీ నొక్కింది. లేవలేదు. "యా అల్లా, ఈ ఒక్కసారికి" అని ఏడ్చేసింది. మూడోసారి తెర వెలిగింది. అన్నపూర్ణమ్మ, వరసగా సున్నాలు, ఆ పక్కన మందు పేరు.

పరుగున మెట్లెక్కి ఆ పేరు చెప్పింది. నర్సు సిరంజిలోకి ఎక్కించి పెట్టుకున్నది సరిగ్గా ఆ మందే. డాక్టర్ దాన్ని లాక్కుని పారబోసింది. యల్లమంద చేతులు జోడించాడు. సిగ్గుతో సబీహా అతని వైపు చూడలేకపోయింది.

కిందికి వచ్చేసరికి పాత సర్వర్ ఆరిపోయి ఉంది. ఎన్నిసార్లు నొక్కినా ఈసారి లేవలేదు.

కౌంటర్ దగ్గర ఒక ముసలాయన ఆయాసపడుతూ నిలబడ్డాడు. కంప్యూటర్‌లో ఆయన పేరు లేదు.

"తాతా, నీకు ఏ సూది పడదు?" అని అడిగింది సబీహా.

"నాకేం ఎరుక తల్లీ. అన్నీ మీ కాడ రాసుంటయ్యి గదా."