హరియాల్ కన్ను

బీదర్ కోటలో తోట ఊడ్చే గుండమ్మకు యాభై రెండేళ్ళు. పొద్దున్నే నౌబాద్ నుంచి షేర్ ఆటోలో వచ్చి, ఎండ ముదిరేలోగా రాలిన ఆకులన్నీ కుప్ప చేస్తుంది. తలెత్తి చెట్లవంక చూసే అలవాటు లేదు. ఒకప్పుడు ఉండేది; నాయిన పోయాక మానుకుంది.

ఆ ఆదివారం పిట్టలను లెక్కపెట్టడానికి సప్న అనే కాలేజీ పిల్ల వచ్చింది. మెడలో దుర్భిణి, చేతిలో నోటుపుస్తకం. పండ్లతో నిండిన రావిచెట్టు కింద చాలాసేపు నిలబడి, "చిలకలే అయ్యుంటయి" అని తనలో తాను అనుకుంటూ రాసుకోబోయింది.

"చిలుకలు గావు బిడ్డా," అంది గుండమ్మ చీపురు ఆపి. "చిలుకలైతే ఈపాటికి ఒర్లుతుండె. ఇవి సప్పుడు జెయ్యకుంట మింగుతున్నయ్. హరియాల్. పచ్చ పావురాలు. కాళ్ళు సూడు."

సప్న దుర్భిణి ఎత్తింది. "అవును పెద్దమ్మా! పసుపు పూసినట్టున్నయ్. నీకెట్ల తెలుసు?"

గుండమ్మ చీపురు పక్కనపెట్టి చెప్పసాగింది. ధన్నూరలో ఆమె నాయిన సొలొమోను పొలాల్లో కూలి చేసేవాడు. పని దొరకని రోజు రాళ్ళు కొట్టే గులేల్ పట్టుకుని మేడిచెట్ల కిందికి వెళ్ళేవాడు. ఆకుల్లో హరియాల్ కంటికి ఆనదు. అందుకని పెదవులు బిగించి, అచ్చం దాని గొంతుతో ఈల వేసేవాడు. పైనుంచి బదులు రాగానే అటు గురిపెట్టి కొట్టేవాడు. పడ్డ పిట్టను గుండమ్మ ఒడిలో వేసుకుని ఇంటికి తెచ్చేది. దాని ఒంటి వెచ్చదనానికి ఏడుపొచ్చేది. కూర ఉడుకుతుంటే ఆకలీ వేసేది.

ముసలితనంలో సొలొమోనుకు చూపు మందగించింది. గులేల్ ఎవరికో ఇచ్చేశాడు. అయినా సాయంత్రాలు ఆ మేడిచెట్ల కిందే కూర్చుని ఈల వేసేవాడు.

"కొట్టవు గదా నాయినా, ఇంకెందుకు పిలుస్తవ్?" అని అడిగిందొకసారి.

"పలుకుతయి గదనే. సాలు."

ఆయన పోయి పదకొండేళ్ళు.

ఇదంతా విన్న సప్న దుర్భిణి ఆమె చేతిలో పెట్టింది. మొదట అంతా మసక. తర్వాత ఒక హరియాల్ కొమ్మకు తలకిందులుగా వేలాడుతూ పండు అందుకోవడం కనిపించింది. బూడిదరంగు తల, భుజం మీద వంకాయరంగు మచ్చ, ఇవన్నీ ఎరిగినవే. కన్ను మాత్రం ఎరగదు. లోపల నీలం, చుట్టూ గులాబీ రంగు వలయం. ఆమె ఒడిలోకి వచ్చిన ప్రతి పిట్టా కన్ను మూసుకునే ఉండేది.

దుర్భిణి దించి, పెదవులు బిగించి ఈల వేసింది. చెట్టంతా ఒక్కసారిగా కదలిక మానేసింది.

"ఎగిరిపోయినయా?" సప్న గుసగుసగా అడిగింది.

"లేదు. భయమైతే ఆకుల లెక్క కదలకుంట కూసుంటయ్."

ఇద్దరూ ఆగారు. కాసేపటికి పైకొమ్మ నుంచి మెలికలు తిరిగిన సన్నటి ఈల వినిపించింది. మళ్ళీ బదులివ్వబోయింది గుండమ్మ. ఈసారి గాలి మాత్రమే వచ్చింది.

తర్వాత సప్న అడిగిందానికల్లా చెప్పింది. నేలమీద వాలడం అరుదని, నాలుగు పుల్లల గూడు గనుక రెండు తెల్లగుడ్లు కిందినుంచే కనిపిస్తాయని, ఆడామగా వంతులవారీగా పొదుగుతాయని.

"ఇయ్యన్ని మా నాయిన జెప్పిండని రాయి బిడ్డా. పేరు సొలొమోను. ఊరు ధన్నూర."

సప్న రాసింది. ఇంతలో గుంపు ఒక్కసారిగా రెక్కలు టపటపలాడిస్తూ కోటగోడ దాటిపోయింది. నాయిన అన్నేళ్ళు వాటిని పిలిచాడు. ఆ కన్ను రంగు ఆయన ఎన్నడైనా చూశాడో లేదో. అడుగుదామంటే మనిషి లేడు. గుండమ్మ ఆ గోడవైపే చూస్తూ నిలబడిపోయింది.