గడ్డి బండి మొరాయించిన వారం

అమెరికాలో నేను నడిపే బండి ఒకే ఒక్కటి. అది రోడ్డెక్కదు. మా అమ్మాయి వాళ్ళ ఇంటి వెనక గడ్డి మీదే తిరుగుతుంది. ఎర్రగా, బొద్దుగా, ముందు రెండు దీపాలతో బుల్లి ట్రాక్టర్‌లా ఉంటుంది. పైన సీటు, చేతిలో స్టీరింగు, కడుపు కింద గడ్డి కోసే బ్లేడ్లు. రైడింగ్ మోవర్ అంటారు. నార్త్ కరోలినాలో మావాళ్ళుండే ఊరు క్యారీ, అక్కడ మాకు తెలిసినవాళ్ళ ఇళ్ళకి చాపంత గడ్డి ఉంటే గొప్ప. మావాళ్ళు మాత్రం ఊరి చివర పాత ఇల్లు కొన్నారు. దాంతో వెనకాల ఓ మైదానం, ఆ మైదానం కోసం షెడ్డులో ఈ బండి, రెండూ కలిసి వచ్చాయి.

నాకు కారు నడపడం రాదు. ఇక్కడ కారు రాకపోతే కొత్తిమీర కట్టకైనా, పక్క వీధిలో పేరంటానికైనా ఎవరి తీరికో చూసుకుని బయల్దేరాలి. అలాంటిది ఓ వేసవి సాయంత్రం మా అల్లుడు, "అత్తయ్యా, ఒక రౌండ్ వేస్తారా? దీనికి లైసెన్స్ అక్కర్లేదు" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. నేను మాత్రం చీర కుచ్చిళ్ళు ఎగదోపి, అమ్మాయి స్పోర్ట్స్ షూస్ తొడుక్కుని ఎక్కి కూర్చున్నాను. ఎడమకి తిప్పితే ఎడమకి పోయింది, కుడికి తిప్పితే కుడికి పోయింది. ఆ ఇంట్లో నా మాట అంత శ్రద్ధగా విన్నది అప్పటిదాకా ఇంకోటి లేదు. ఆ రోజునుంచి గడ్డి కోత నాదైపోయింది. శనివారం ఎప్పుడొస్తుందా అని సోమవారం నుంచే ఎదురుచూసేదాన్ని.

దసరాకి మా వియ్యపురాలు వచ్చింది. అల్లుడి తల్లి. ఆవిడకీ నాకూ పెళ్ళి భోజనాల దగ్గర మొదలైన మాటల పోటీ ఇంకా తేలలేదు. ఆయుధ పూజనాడు గరాజ్‌లో రెండు కార్లకి పూజ చేస్తుంటే, "పాపం, మీ వాహనాన్ని మర్చిపోయారే వదినా" అని ఆవిడే మోవర్‌ని బయటికి లాగించింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. స్టీరింగుకి బంతిపూల దండ కట్టాం. బొట్ల దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ పంతం పట్టింది. ఆవిడ దీపాలకి పెడితే నేను చక్రాలకి, ఆవిడ ఇంజన్ మీది హుడ్డుకి పెడితే నేను మీటలకి. అరగదీసిన గంధం, పసుపు, కుంకుమ, ఏదీ తక్కువ చెయ్యలేదు. బండి పెళ్ళికూతురిలా తయారైంది.

ఆ తర్వాతి శనివారం ఎక్కాను. రెండు వరుసలు కోసిందో లేదో, దగ్గింది, గునిసింది, ఆగిపోయింది. తాళం తిప్పితే గుర్రుమనడమే కానీ అందుకోదు. ఆదివారం అల్లుడు ఎక్కితే అతనికీ అదే మర్యాద.

"పాతదైపోయింది అత్తయ్యా, దీన్ని వదిలించుకుందాం. లాన్ సర్వీస్ వాళ్ళని పెట్టుకుంటే వాళ్ళే వచ్చి కోసేసి పోతారు" అన్నాడు. అనడమే కాదు, 'పనిచేయని మోవర్, ఉచితం' అని ఆన్‌లైన్‌లో పెట్టేశాడు కూడా. శనివారం పొద్దున ట్రైలర్ తెచ్చుకుని పట్టుకుపోతానని ఎవరో వెంటనే జవాబిచ్చారట.

నాకు ముద్ద దిగలేదు. ఉన్న ఒక్క బండీ పోతే మళ్ళీ కిటికీ దగ్గర కూర్చుని ఊళ్ళోవాళ్ళ కార్లు చూడటమేగా.

"శనివారం దాకా టైముంది కదా బాబూ. ఒకసారి విప్పి చూడరాదూ?" అన్నాను.

"నేను సాఫ్ట్‌వేర్ మనిషిని అత్తయ్యా."

"అయితే ఏమైంది? వాడు చిన్నప్పుడు మా మిక్సీ విప్పాడు" అంది వియ్యపురాలు.

"మళ్ళీ బిగించాడా?"

"ఆ సంగతి ఇప్పుడెందుకు వదినా!"

అల్లుడు నవ్వి ఒప్పుకున్నాడు. సోమవారం ఆఫీస్ పని అవగానే ఫోన్‌లో వీడియో పెట్టుకుని ఇంజన్ ముందు చతికిలబడ్డాడు. మరలు కలిసిపోకుండా పెట్టుకోవడానికి ఏదైనా ఇమ్మంటే నేను ఇడ్లీ పళ్ళెం అందించాను. గుంటకొకటి చొప్పున, విప్పిన వరసలో పేర్చుకోవచ్చుగా. మా అమ్మాయి వచ్చి చూసి గొంతు చించుకుంది.

"అమ్మా! అది నా స్టీల్ ఇడ్లీ ప్లేట్!"

"కడిగితే పోతుందే."

"ఎవరు తింటారు ఇంక అందులో?"

"మీ ఆయన తింటాడు. ఆయన చేతి మరలేగా" అంది వాళ్ళత్తగారు.

స్పార్క్ ప్లగ్గు మార్చాడు. ఎయిర్ ఫిల్టర్ దులిపితే సగం నార్త్ కరోలినా దుమ్ము అందులోనే ఉంది. కొత్తది వేశాడు. అన్నీ బిగించి, పెట్రోలు ఉందో లేదో మూత తీసి చూసి, మళ్ళీ గట్టిగా పెట్టి తాళం తిప్పాడు. ఒక్క దెబ్బకి అందుకుంది! నేను చప్పట్లు కొట్టాను. అల్లుడు చెయ్యి పైకెత్తి మైదానం చుట్టూ ఊరేగింపుగా బయల్దేరాడు. కంచె దాకా వెళ్ళాడు. దగ్గింది. ఆగింది. ఎత్తిన చెయ్యి దించకుండానే అక్కడ కూర్చుండిపోయాడు పాపం.

మర్నాడు వియ్యపురాలికి జ్ఞానోదయమైంది. ఆ సీటు కింద ఒక స్విచ్చి ఉంటుంది. మనిషి లేస్తే ఇంజన్ ఆగిపోతుంది, ప్రమాదం జరక్కుండా.

"ఇంకేం! మీ ఇద్దరూ పుల్లల్లా ఉంటారు. పైన మనిషున్నాడో లేడో దానికి తెలియట్లేదు. లేవండి" అని ఆవిడ చీర సర్దుకుని ఎక్కింది. అల్లుడు మళ్ళీ మూత తీసి పెట్రోలు పోశాడు, మూత బిగించాడు. తాళం తిప్పగానే బుర్రుమంది. ఆవిడ నావైపు తిరిగి, "చూశారా వదినా, దేనికైనా మనిషికి వెయిటుండాలి!" అని అరుచుకుంటూ వెళ్ళిపోయింది. ఎలా తిప్పాలో తెలియక ఒకే చెట్టు చుట్టూ ప్రదక్షిణాలు చేసింది. ఆ చెట్టు కిందే బండి ఆగిపోయింది కూడా.

"ఇంకా వెయిటు పెంచాలేమో వదినా" అన్నాను.

ఈసారి నా వంతు. మా ఆయన స్కూటర్ మొండికేస్తే పక్కకి వంచి, కాసేపు అలా పట్టుకుని, నిలబెట్టి కిక్కు కొడితే వినేది. దీన్నీ వంచుదామన్నాను. "అత్తయ్యా, ఇది నాలుగు చక్రాల బండి" అంటున్నా వినలేదు. ఇద్దరు ఆడవాళ్ళం ఒక పక్క, అల్లుడు ఒక పక్క. పెట్రోలు ఒలికిపోతుందేమోనని అతను మూత విప్పి ఎంతుందో చూసి మళ్ళీ బిగించాడు. "ఒకటీ, రెండూ, హైస్సా!" అని ఎత్తాం. అది ఒక్క చక్రమైనా లేపలేదు. వియ్యపురాలి కాలు జారి గడ్డిలో కూలబడింది. ఆవిణ్ణి లేపబోయి నేనూ పడ్డాను. ఇద్దరం లేవలేక, నవ్వాపుకోలేక పొట్టలు పట్టుకుంటుంటే అల్లుడు ఉత్తినే తాళం తిప్పాడు. స్టార్టయింది!

"చెప్పానా! వంగకపోయినా, వంచుతామని భయపడింది" అన్నాను.

కాసేపటికి మళ్ళీ ఆగిపోయింది. అలా ఎవరు ముట్టుకున్నా వాళ్ళ వైద్యం ఫలించేది, ఎవరిదీ కంచె దాటేది కాదు. శుక్రవారం అల్లుడు కార్బ్యురేటర్ కూడా దింపి శుభ్రం చేశాడు. ఆ సాయంత్రం బండి ఎంతసేపు తిరిగిందో చెప్పను, అతని మీద జాలేస్తుంది.

శనివారం పొద్దున్నే నేనొక్కదాన్నీ వెళ్ళి సీటు తుడుస్తున్నాను. అప్పగింతలప్పుడు పెళ్ళికూతురి కళ్ళు తుడిచినట్టే ఉంది నాకు. అల్లుడు కాఫీ గ్లాసుతో వచ్చి నా మొహం చూశాడు. "ఆఖరిసారి ఒక రౌండ్ వెయ్యండి అత్తయ్యా" అన్నాడు. కాసేపు బానే తిరిగి నాకింద అలవాటుగా ఆగింది. అతను వచ్చి వెంటనే పెట్రోలు మూత తిప్పాడు. ఉస్సుమంది. సోడా మూత తీస్తే వచ్చే చప్పుడు.

అల్లుడు గ్లాసు కింద పెట్టేశాడు. మూత బిగించాడు. తాళం తిప్పాడు, కాసేపు నడవనిచ్చాడు, ఆగగానే మళ్ళీ మూత తిప్పాడు. ఉస్స్.

"అమ్మా! అత్తయ్యా! ఇద్దరూ రండి!" అని నేను పక్కనే ఉన్నా కేకేశాడు. మూత వెనక్కి తిప్పి చూశాడు, ముందుకి తిప్పి చూశాడు. ఎండిన గంధం అట్టకట్టి ఉంది, మధ్యలో రూపాయి బిళ్ళంత కుంకుమ.

"అమ్మా, నూనె డబ్బాకి ఒకటే చిల్లు పెడితే నూనె పడుతుందా?" అని వాళ్ళమ్మనడిగాడు.

"పడదు. గుటగుటమని ఆగిపోతుంది. గాలి కోసం ఎదురుగా రెండోది పెట్టాలి."

"ఈ మూతకి ఆ రెండో చిల్లు ఉంది. పెట్రోలు ఇంజన్‌లోకి దిగుతుంటే ఇక్కడినుంచి గాలి లోపలికెళ్ళాలి. నేను మూత తీసినప్పుడల్లా గాలెళ్ళింది, అందుకే నడిచింది. ఇప్పుడు చెప్పండి, దీనికి బొట్టెవరు పెట్టారు?"

ఇద్దరం ఆకాశం చూశాం.

"నేను దీపాలకీ హుడ్డుకీ పెట్టాను. మూతలు మీ డిపార్ట్‌మెంట్ వదినా."

"నేను చక్రాలు, మీటలు. ఇంత ఉదారంగా గంధం అద్దే చెయ్యి నాది కాదు."

"అమ్మవారే వచ్చి పెట్టుకుందా అయితే?" అంది మా అమ్మాయి గుమ్మంలోంచి.

వియ్యపురాలు గాజుకి వేలాడుతున్న పిన్నీసు తీసిచ్చింది. అల్లుడు చిల్లులోంచి గంధం పెళ్ళలు పెళ్ళలుగా గోకి, నోటితో ఊదబోయాడు. "ఛీ, పెట్రోలు!" అని వాళ్ళమ్మ వీపు మీద ఒకటేసింది. గుడ్డతో తుడిచి, కార్ల టైర్లకి గాలి కొట్టే పంపుతో ఊది, మూత బిగించాడు.

ఎక్కాను. తాళం తిప్పాను. కంచె దాకా వెళ్ళాను. కంచె దగ్గర ఊపిరి బిగబట్టాను. మలుపు తిరిగింది! చెట్టు దాటింది, షెడ్డు దాటింది, వారం రోజుల గడ్డి చిమ్ముకుంటూ పరిగెత్తింది. వియ్యపురాలు, అమ్మాయి రెండు చేతులూ ఊపుతూ గెంతుతున్నారు. నేను గట్టిగా ఏదో పాడాను. ఇంజన్ చప్పుడులో ఎవరికీ వినబడదన్న ధైర్యం.

అప్పుడొచ్చాడు ట్రైలర్ మనిషి. రమ్మన్న సంగతి ఆ సంబరంలో అందరం మరిచిపోయాం. పొడుగాటి మనిషి, గళ్ళ చొక్కా, ఇంటి పక్కనుంచి వచ్చి ఆగిపోయాడు. చేతిలో మోవర్ కట్టడానికి తాళ్ళు. కుచ్చిళ్ళు ఎగదోపుకుని, అల్లుడి టోపీ పెట్టుకుని దూసుకుపోతున్న నన్ను ఒక చుట్టు చూశాడు, రెండో చుట్టూ చూశాడు. అల్లుడు చేతులు నలుపుకుంటూ ఎదురెళ్ళాడు. మాట ఇచ్చేశాడు కదా, ఏమంటాడో! ఆపమంటారేమోనని వాళ్ళవైపు చూడటం మానేశాను.

తర్వాత అమ్మాయి చెప్పింది. "పనిచేయని మోవర్ అన్నారు, అదేనా?" అని అడిగాడట. అల్లుడు సారీ చెప్పి, ఇందాకే బాగైందని, కావాలంటే ఆపించి ఇచ్చేస్తానని అన్నాడట. ఆయన నావైపు ఇంకోసారి చూసి, "ఆవిడ దగ్గరికెళ్ళి ఆపమని చెప్పే పని నా వల్ల కాదు, మీరు చెబుతారా?" అన్నాడట. మా అల్లుడూ చెప్పలేదు. వియ్యపురాలు ఆయన చేతిలో నాలుగు గారెలు పెట్టిన కాగితం ప్లేటు పెడితే, ఖాళీ ట్రైలర్ లాక్కుంటూ తింటూ వెళ్ళిపోయాడు.

గడ్డి మొత్తం అయిపోయింది. నేను దిగలేదు. కోసినచోటే మళ్ళీ కోయడం మొదలుపెట్టాను.