చలవ పడని ప్యానెల్

2023 మే నెల, రోహిణి కార్తె. విడవలూరు దాటి సముద్రం వైపు పోయే దారి. ఆ పూట ఎండ ఎలాంటిదంటే, కారు బానెట్ మీద దోసె పోస్తే తిరగేసేలోపే మాడిపోయేది. దారిలో గుంటలు కూడా సామాన్యమైనవి కావు. ఒక్కొక్క దాంట్లో నీళ్ళు పెట్టి రొయ్యల సాగు చేసుకుని ఒక కుటుంబం హాయిగా బతకొచ్చు. వాటన్నిటినీ దాటుకుని నేను ఒక రొయ్య పిల్లల హ్యాచరీకి పోతున్నాను.

నేను కరెంటు యంత్రాలకు వైద్యం చూసే టెస్టింగ్ ఇంజనీరుని. నా పెట్టె పెళ్ళికూతురి ట్రంకు పెట్టె కన్నా బరువు. లోపల పరికరం అరచేయంత, మిగతాదంతా దాని కవరూ, ఆ కవరుకు ఇంకో కవరూ. ఆ పరికరంతో ప్యానెళ్ళ గుండె చప్పుడు వింటాను. నా గుండె చప్పుడు వినమని డాక్టరు దగ్గరికి పొమ్మంటే మాత్రం మా ఆవిడతో వారం రోజులు వాదిస్తాను.

హ్యాచరీ యజమాని శ్రీహరి గారు అంతకు ముందురోజు ఫోన్ చేసి, "మా హెచ్‌టీ ప్యానెల్ ఏందో గొణుగుతా ఉండాదంట, ఒకసారి వచ్చి చూడన్నా" అన్నారు. హెచ్‌టీ ప్యానెల్ అంటే బయటి లైన్ నుంచి పదకొండు వేల వోల్టుల కరెంటు మొదట వచ్చి దిగే ఇనప బీరువా. అది గొణిగితే మాలాంటి వాళ్ళకు నిద్ర పట్టదు. ఎందుకో చెబుతాను.

ఇన్సులేషన్ అనేది కరెంటుకు తొడిగిన చొక్కా. ఆ చొక్కాలో ఎక్కడైనా చిన్న గాలిబుడగ ఉన్నా, మీద ఉప్పూ తేమా చేరినా, అక్కడ సన్నగా చిటపటలు మొదలవుతాయి. చొక్కా మొత్తం చిరగదు, అక్కడ కాస్తంత మేర మాత్రం కాలుతూ ఉంటుంది. దీన్ని పార్షియల్ డిశ్చార్జ్ అంటాం. తలుపును చెద తిన్నట్టే ఇదీ. పైకి తలుపు తలుపులాగే ఉంటుంది, ఒకనాడు చెయ్యి వేస్తే చెయ్యి అవతలికి పోతుంది. పదకొండు వేల వోల్టుల తలుపు అలా కూలడాన్ని ఫ్లాష్‌ఓవర్ అంటారు. అంటే ఆకాశంలో ఉండాల్సిన మెరుపు గదిలోకి వచ్చి కుర్చీ వేసుకోవడం.

కుర్చీ అన్నాను కదా. ప్యానెల్ రూములోకి అడుగు పెట్టగానే నాకు కనిపించింది అదే. ప్యానెల్ వెనక భాగానికీ కిటికీకీ మధ్య ఒక ప్లాస్టిక్ వైరు కుర్చీ. దాంట్లో ఆపరేటర్ పెంచలయ్య, వీపు దాదాపు కేబుల్ బాక్సు తలుపుకు ఆనించి కూర్చుని ఉన్నాడు. కిటికీకి తడితడిగా వట్టివేళ్ళ తడిక, దాని వెనక ఒక టేబుల్ ఫ్యాను. గదంతా చల్లగా, కమ్మగా ఉంది. బయట భూమి పేలిపోతుంటే లోపల నాకు శాలువా కప్పుకోవాలనిపించింది.

"ఏంది పెంచలయ్యా, ఇది ప్యానెల్ రూమా, ఊటీనా?"

"మా ఇంటామె ఏర్పాటు సార్" అన్నాడు సిగ్గుపడుతూ. "పోయినేడు నాకు వడదెబ్బ తగిలి ఇక్కడే పడిపోయినా. మనిషి దక్కేది కష్టమన్నారంట డాక్టర్లు. అందుకే ఈ ఎండాకాలం ఆమె నన్ను వట్టిగా వదల్దు."

"మరి ఆ గొణుగుడు?"

"రొయ్యలు వేపినట్టు సన్నంగా వినిపిస్తాది సార్. రొయ్యల హ్యాచరీ గదా, ఇంకేం సప్పుడు వస్తాదిలే అనుకున్నా."

హెడ్‌ఫోన్లు పెట్టుకుని, అల్ట్రాసోనిక్ ప్రోబ్ అనే సూదిమూతి పరికరాన్ని ప్యానెల్ సందుల దగ్గరికి తీసుకుపోయాను. మన చెవికి అందని సన్నని చప్పుళ్ళను అది అందేలా చేస్తుంది. ముందు వైపు అంతా నిశ్శబ్దం. వెనక్కి పోయి, కేబుల్ బాక్సు దగ్గర పెట్టగానే నెల్లూరు జిల్లాలోని రొయ్యలన్నీ ఒకే బాణలిలో పడ్డంత చప్పుడు. ఆ చోటికీ కుర్చీ వీపుకూ మధ్య జానెడు దూరం.

అది చూసి నా నోట్లో జోకులన్నీ ఆరిపోయాయి.

"పెంచలయ్యా, ముందు నువ్వు లేచి బయటికి రా."

చిటపటలు ఉన్నచోట ఓజోన్ అనే ఘాటు వాసన పుడుతుంది, మాకు అదే మొదటి హెచ్చరిక. ఇక్కడ వట్టివేళ్ళ పరిమళం దాన్ని పూర్తిగా కప్పేసింది. ఇంకో సంగతి. ప్యానెల్ లోపల స్పేస్ హీటర్ అని ఒక చిన్న వేడి కమ్మీ ఉంటుంది. లోపలి గాలిని కాస్త వెచ్చగా ఉంచి, తేమ చేరకుండా చూడటం దాని పని. దాని స్విచ్ ఆపేసి ఉంది.

"రోహిణి కార్తెలో హీటరేంది సార్, చూసినోళ్ళు నవ్వరా?" అన్నాడు పెంచలయ్య.

శ్రీహరి గారు వచ్చారు. తొట్లలో రొయ్య పిల్ల చాలా నాజూకు దశలో ఉందనీ, కరెంటు తీస్తే నీళ్ళలోకి గాలి కొట్టే బ్లోయర్లు రోజంతా జనరేటర్ మీదే నడవాలనీ, వారం ఆగితే బాగుంటుందనీ అన్నారు. నేను వాదించలేదు. హెడ్‌ఫోన్లు ఆయన చెవులకు పెట్టి, వేలితో కుర్చీని చూపించాను. ఆయన ఒక క్షణం విని, హెడ్‌ఫోన్లు తీసి, జనరేటర్ వెయ్యమని తనే కేక వేశారు.

సబ్‌స్టేషన్ వాళ్ళు లైన్ ఆపారని తేల్చుకుని, మిగిలిన కరెంటు భూమిలోకి పోయేలా ఎర్త్ చేసి, కేబుల్ బాక్సు తలుపు తీశాం. కేబుల్ చివర తొడుగు మీద తెల్లటి పొడి, దాని కింద ఎండు కొమ్మల్లా పాకిన నల్లటి కాలిన గీతలు. ఉప్పును సముద్రం తెచ్చింది, అది ఈ తీరంలో ఎవరూ ఆపలేనిది. తేమను తెచ్చింది మాత్రం తడిక. ఆ నల్లటి కొమ్మ ఇంకొంచెం పాకి ఉంటే మెరుపు దిగేది పెంచలయ్య వీపు మీదనే.

పెంచలయ్య ఆ గీతల్ని చూశాడు, తడికను చూశాడు. మనిషికి అర్థమైపోయింది. నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "సార్, తడిక వల్ల అని మా ఆమెతో అనొద్దు. సముద్రం గాలి అని చెప్పండి. తెలిసిందంటే ఇంక అన్నం తినదు" అన్నాడు.

గోరంతను కొండంత చేసి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. కొండంతను గోరంత చెయ్యమని నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే.

అంతలో పెంచలయ్య భార్య మస్తానమ్మ రానే వచ్చింది, చంకలో నీళ్ళ బిందెతో. తెరిచి ఉన్న ప్యానెల్‌ని చూసి ఆగింది. "ఏమయిందన్నా?"

"ఏం లేదమ్మా, సముద్రం గాలి. ఉప్పు పట్టింది."

"సముద్రం గాలి ఈ ఏడాదే వచ్చిందా?"

పదకొండు వేల వోల్టులకు ఎదురు నిలిచే నేను, ఈ ప్రశ్నకు మాత్రం వంగి నా పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను. ఆమె మొగుడి మొహం చూసింది, ఆయన చప్పున తడిక వైపు చూపు తిప్పేసుకున్నాడు. అది చాలు ఆమెకు. బిందె మెల్లిగా దించింది.

"ఉప్పునీళ్ళయితే వేళ్ళు చెడిపోతాయని మంచినీళ్ళు మోసుకొచ్చి కొట్టినా గదన్నా. మనిషికి వేడి చేస్తే చలవ చెయ్యాల. మిషనుకీ అంతేననుకున్నా. అంటే, నా చేత్తో నేనే ఈ మనిషిని..."

పెంచలయ్య దగ్గరికి వచ్చి, "ఏమే, ఆ చల్లదనం లేకుంటే నేను ఈ ఎండాకాలం దాటేవాణ్ణా? అది గూడా లెక్కలో ఎయ్యి" అన్నాడు. ఆమె తల ఎత్తలేదు.

నేను ఎన్నో మీటింగుల్లో తేమ, ఉపరితలం, విద్యుత్ క్షేత్రం అంటూ గంటలు గంటలు ఉపన్యాసాలిచ్చి, ముందు వరసలో కూర్చున్న పెద్దల్ని హాయిగా నిద్రపుచ్చినవాణ్ణి. ఆ మాటలేవీ ఇక్కడ పనికిరావని తెలుస్తూనే ఉంది. అప్పుడు ఎక్కడి నుంచో ఒక మాట తట్టింది.

"మస్తానమ్మా, ఈ ప్యానెల్ వేడి చేసిన మనిషి కాదు. పచ్చి బాలింత. దీనికి చలవ పడదు."

ఆమె చటుక్కున తలెత్తింది. "బాలింతా?"

"అవును. చల్లగాలి తగలకూడదు, తడి తగలకూడదు. ఒళ్ళు వెచ్చగా ఉండాలి. అందుకే లోపల ఆ హీటర్ పెట్టారు. అదే దీనికి కుంపటి."

మస్తానమ్మ ప్యానెల్‌ను పైనుంచి కిందికి చూసింది, తన ఇంట్లో ఎవరినో కొత్తగా చూసినట్టు. తర్వాత మొగుడి వైపు తిరిగి, "బాలింత గదిలో కుంపటి ఆర్పినోడివి నువ్వా?" అంది. పెంచలయ్య నవ్వేశాడు. ఆమె కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నాతో మాత్రం కోపంగా, "ఈ మాట మొదుట్లోనే ఎవరన్నా చెప్పుంటే పొయ్యేది గదన్నా. అందరూ డేంజరు అని బోర్డు పెట్టేవాళ్ళేగానీ" అంది.

కాలిన తొడుగు కోసేసి కేబుల్ చివరకు కొత్త తొడుగు, మా భాషలో టెర్మినేషన్, వేయించాం. సాయంత్రానికి కరెంటు వచ్చింది. జనరేటర్ ఒక్కసారీ మొరాయించలేదు, పిల్ల అంతా బతికింది.

మరుసటి ఎండాకాలం మళ్ళీ పోయాను. కుర్చీ వరండాలోకి మారింది, దాని చుట్టూ మూడు వైపులా వట్టివేళ్ళ తడికలు. పెంచలయ్య అందులో మహారాజులా కూర్చుని, గాజు కిటికీలోంచి మీటర్లు చూసుకుంటున్నాడు. శ్రీహరి గారు తొట్ల దగ్గర నుంచి తడికాళ్ళతో ప్యానెల్ రూములోకి రాబోతే, గుమ్మంలో మస్తానమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"కాళ్ళు తుడుచుకోండి సార్. లోపల బాలింత ఉండాది."

అంత హ్యాచరీకి యజమాని, చెప్పులు వదిలి గోనెపట్టా మీద బుద్ధిగా కాళ్ళు తుడుచుకున్నారు.

లోపల హీటర్ వెచ్చగా ఉంది. ప్రోబ్ పెట్టి విన్నాను. తర్వాత హెడ్‌ఫోన్లు మస్తానమ్మకు ఇచ్చాను. ఆమె కళ్ళు మూసుకుని చాలాసేపు వింది.

"ఏం వినపడ్డం లేదే."

"అదేనమ్మా కావాల్సింది."

అయినా ఆమె వాటిని వెంటనే తియ్యలేదు. బయట వరండాలో పెంచలయ్య దగ్గితే, ఒక చెవి మీది హెడ్‌ఫోన్ మాత్రం జరిపి, ఆ చెవిని అటు పెట్టింది.

ఆనాటి నుంచి ఏ ప్యానెల్ రూముకు పోయినా, లోడ్ ఎంత, కేబుల్ వయసెంత అని తర్వాత అడుగుతాను. ముందు, ఇక్కడ ఎవరు కూర్చుంటారు, వాళ్ళ గురించి దిగులు పడేది ఎవరు అని అడుగుతాను.