పెయింటర్ బాబాయి తన వీధి పంపుకు రంగు వేసిన రోజు

గోడల మీద సర్కారు మాటలు రాసి పొట్ట పోసుకునే మనిషి వాటిలో ఒక్క ముక్క కూడా నమ్మడంటే వింతే. కానీ వీధి వీధంతా పెయింటర్ బాబాయి అని పిలుచుకునే ఆయన సంగతి తెలిస్తే మీరూ తప్పు పట్టరు.

ఒకసారి ఆయనచేత ‘చెట్లను కాపాడండి’ అని బోర్డు రాయించి ఒక చెట్టుకు మేకులతో కొట్టారు. తర్వాత రోడ్డు వెడల్పు చేస్తూ ఆ చెట్టునే కొట్టేశారు. బోర్డును మాత్రం జాగ్రత్తగా ఊడదీసి, మాసిపోయింది, మళ్ళీ రంగు వెయ్యమని ఆయనకే పంపారు. పాపం, వేశాడు.

అప్పటినుంచి టీవీలో గాలి పాడైందన్నా, నీళ్ళు అడుగంటాయన్నా, “నేతిబీరకాయలో నెయ్యెంతో వీళ్ళ మాటల్లో నిజమంత” అని ఛానెల్ మార్చేసేవాడు. ఆ వార్తల్లో నిజమైనవీ ఉండొచ్చు. మోసపోయిన మనిషికి తేడా ఎవరు చెబుతారు?

ఈమధ్య పంచాయతీ ఆఫీసువాళ్ళు చేతిపంపుల నీళ్ళు పరీక్ష చేయించి, తాగడానికి పనికిరానివాటికి ఎర్రరంగు వేసే పని బాబాయికి అప్పజెప్పారు. ఊరంతా చకచకా వేసుకొచ్చిన మనిషి తన ఇంటిముందు పంపు దగ్గరికి రాగానే బ్రష్షు కడిగేసి లోపలికొచ్చాడు.

“దీనికి నేను వెయ్యను. మా అమ్మ తాగింది, నేను తాగాను. దుక్కలా లేనూ? రేపు పైపులేసి, మీటర్లు బిగించి నీళ్ళు అమ్ముకోడానికే ఈ నాటకమంతా!”

“మరి పక్కవీధి పంపుకెందుకు వేశావయ్యా?” అంది ఇంటావిడ.

“అది పని. ఇది మన పంపు.”

ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. కోడలు నవ్వలేదు. ఆ పిల్లకు నాలుగో నెల. చేతిలో గ్లాసు పట్టుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది.

“మామయ్యా, ఆఫీసువాళ్ళ సంగతి నాకు తెలీదు. మీరు చెప్పండి. ఈ నీళ్ళు నన్ను తాగమంటారా?”

ఆ పిల్లంటే ఆయనకు ప్రాణం. మెల్లగా గ్లాసు అందుకుని నీళ్ళు పారబోశాడు. రంగుడబ్బా తీసుకుని బయటికి నడిచాడు.

పక్కింటాయన చూసి ఊరుకుంటాడా? “ఏం బాబాయ్, చివరికి నువ్వూ నమ్మేశావన్నమాట!”

“నమ్మడమా, నా మొహం! అబద్ధాలకోరులు. రేపు మీటర్లు బిగిస్తారు, చూస్తూండు.”

“మరి ఇదేంటి?”

బాబాయి తల ఎత్తలేదు.

“ఎంత అబద్ధాలకోరైనా ఎప్పుడో ఒకసారి నిజం చెప్తాడు కదరా. ఆ ఒక్కసారీ ఇదే అయితే?”

పంపు పిడిని కూడా వదలకుండా రంగు వేశాడు. తడి ఆరేదాకా ఎవరూ చెయ్యి వెయ్యకుండా అక్కడే పీట వేసుకుని కూర్చున్నాడు.