నాలుగు నిమిషాల నక్షత్రం

నేనొకప్పుడు ఒక నక్షత్రాన్ని కనిపెట్టాను. వారం రోజులు దానికి యజమానినని ఊరంతా తిరిగాను. ఎనిమిదో రోజున తల తడుపుకుంటూ, మా మేడమ్ గారి కళ్ళెదుటే దాన్ని పోగొట్టుకున్నాను. ఇంత ఘనకార్యం చేసినవాడు విశాఖ జిల్లాలో ఇంకొకడు ఉంటే బయటికి రమ్మనండి, కౌగిలించుకుంటాను.

ఎనభయ్యో దశకం మొదట్లో సంగతి. అటు ఉక్కు ఫ్యాక్టరీ పనులు సాగుతున్నాయి. ఇటు నేను భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, అంటే ఉద్యోగం లేదని మర్యాదగా చెప్పుకుంటున్నాను. మా గైడు మేరీ రత్నం గారు. ఆకాశం నుంచి వచ్చి క్షణంలో మాయమయ్యే రేడియో మెరుపుల్ని పట్టడం మా పని. అందుకోసం రెండు చోట్ల తీగల పందిళ్ళు వేశాం. ఒకటి విశాఖలో మేడమ్ గారి డాబా మీద, రెండోది పద్మనాభంలో మా అప్పన్న బావ పొలంలో. వెదురు బొంగులకి కట్టిన రాగి తీగలన్నీ ఒక రిసీవరుకి కలుస్తాయి. మెరుపు తగిలితే కదిలే కాగితం మీద పెన్ను ఎగురుతుంది. రెండు చోట్లా ఒకే క్షణంలో ఎగిరితే అది ఆకాశానిది. ఒక్కచోటే ఎగిరితే పక్కింటివాళ్ళది.

"సత్యం, నెలాఖరులోగా ఒక్క మెరుపైనా చూపించకపోతే ఈ పరిశోధన మూసేయమంటున్నారు" అన్నారు మేడమ్. మూసేస్తే నాకు మిగిలేది అప్పన్న బావ వంకాయ మడి. నెలాఖరు పది రోజుల్లో ఉంది.

సోమవారం పొద్దున్నే చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొలంలో కూర్చున్నాను. అప్పన్న బావ బీడీ వెలిగిస్తూ వచ్చాడు.

"ఏటి బావ, ఊరికే కూకున్నావ్ కదా. ఆ మోటారు మీట ఎగేసి పుల్లెట్టీ. కరెంటొచ్చినప్పుడు అదే ఆడతాది."

మా వైపు పొలాలకి కరెంటు వంతులవారీగా ఇచ్చేవారు. అది వచ్చే వేళకి ఎవరు కాపలా ఉంటారు? అందుకే స్టార్టరు మీట పైకెత్తి, పడిపోకుండా సందులో పుల్ల దోపి ఇంటికి పోవడం అందరికీ అలవాటు. నేనూ దోపాను. రోజూ దోపాను. నా రిసీవరు బ్యాటరీ మీద నడిచేది కాబట్టి కరెంటు సంగతి నాకు పట్టలేదు.

పది ఇరవై ఆరుకి పెన్ను ఎగిరింది. మంగళవారం పది ఇరవై రెండుకి. బుధవారం పది పద్దెనిమిదికి. నా ఒళ్ళు జలదరించింది. ఎందుకంటారా? నక్షత్రాలు మన గడియారాలకంటే రోజుకి దాదాపు నాలుగు నిమిషాలు ముందు వస్తాయి. మనుషులు చేసే చప్పుళ్ళకి ఆ క్రమశిక్షణ ఎక్కడిది? శనివారం సరిగ్గా పది ఆరుకి వచ్చింది. పెన్ను ఎగిరిన ప్రతిసారీ ఆనందం పట్టలేక, చొక్కా విప్పి, పొలంలో ధారగా పడుతున్న నీళ్ళ కింద తల పెట్టేవాణ్ణి. ఆ నీళ్ళు ఎందుకు పడుతున్నాయని అడగకండి. నేనూ అడగలేదు.

శనివారం సాయంత్రం కాగితాలు చంకన పెట్టుకుని మేడమ్ గారింటికి పరిగెత్తాను. ఆవిడ తన కాగితం పక్కన పరిచారు.

"నా పెన్ను ఒక్కసారీ కదల్లేదు సత్యం."

"మీకు పోర్టు దగ్గర కదండీ. ఆ గోలలో మీ తీగలకి చెవుడు వచ్చి ఉంటుంది."

గైడుతో అనాల్సిన మాటేనా అది? అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

"సోమవారం నేనే వస్తాను. ఎన్నింటికి వస్తుంది నీ నక్షత్రం?"

"తొమ్మిది యాభై ఎనిమిదికి. రాకపోతే నా పేరు మార్చుకుంటాను."

ఆదివారం బ్యాటరీ చార్జింగుకి పోయింది. నేను మాత్రం నక్షత్రానికి నా పేరు పెట్టాలా, మా నాన్న పేరు పెట్టాలా అని ఆలోచిస్తూ గడిపాను.

సోమవారం మేడమ్ వచ్చారు. తొమ్మిది యాభై ఎనిమిది అయింది. పెన్ను కదల్లేదు. పది దాటింది. నా చొక్కా తడిసిపోయింది, ఈసారి చెమటకి. పది ఇరవై ఆరుకి పెన్ను ఎగిరింది.

"వచ్చింది మేడమ్. కొంచెం ఆలస్యమైంది" అని అరిచి, అలవాటు కొద్దీ వెళ్ళి నీళ్ళ కింద తల పెట్టాను.

మేడమ్ నన్ను చూశారు. గొట్టాన్ని చూశారు. "నక్షత్రం వచ్చిన ప్రతిరోజూ స్నానం చేస్తావా?"

"ప్రతిరోజూ మేడమ్."

"ప్రతిరోజూ అదే క్షణానికి నీళ్ళు కూడా వస్తాయా?"

నా తల మీద నీళ్ళు పడుతూనే ఉన్నాయి. అప్పన్న బావే అందుకున్నాడు.

"కరెంటొచ్చి మోటారాడతాదండి. స్టార్టరులో ఇంత నిప్పురవ్వ లేత్తాది. బావే పుల్లెడతన్నాడు."

"కరెంటు రోజూ నాలుగు నిమిషాలు ముందు ఎలా వస్తుందయ్యా?"

"మా లైన్‌మేను దానియేలు వాచీ రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి పరిగెడతాదండి. ఆడు పదిన్నరనుకునే ఏత్తాడు. ఆదారం సర్చిలో గోడ గడియారం సూసి దిద్దుకుంటాడు."

మేడమ్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. నెమ్మదిగా లేచి, స్టార్టరు మీట దించి, సందులో పుల్ల లాగేసి, నా చేతిలో పెట్టారు. "ఇదిగో నీ నక్షత్రం. దాచుకో. ఇక సాయంత్రం దాకా కదలకుండా కూర్చో."

కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, కానీ కూర్చున్నాను. పన్నెండు పదకొండుకి పెన్ను ఎగిరింది. వెంటనే గొట్టం వైపు చూశాను, ఒక్క చుక్క లేదు. మోటారు నిద్రపోతోంది. నేను అరవలేదు. ఎందుకొచ్చిన గొడవ అని టైము మాత్రం రాసుకున్నాను.

సాయంత్రం మేడమ్ డాబా మీద రెండు కాగితాలూ పక్కపక్కన పరిచాం. ఆవిడ వేలు జరుగుతూ వచ్చి ఒకచోట ఆగింది. ఆవిడ కాగితం మీద కూడా పన్నెండు పదకొండుకే పెన్ను ఎగిరింది. రెండు గీతలూ అచ్చం ఒకేలా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

"ఆ వేళకి నెత్తి మీద ఉన్నది సూర్యుడు. ఇది సూర్యుడి మెరుపే అయి ఉంటుంది" అన్నారు మేడమ్.

"అయితే నక్షత్రం కాదా మేడమ్?"

"అదీ నక్షత్రమే సత్యం. కాకపోతే నీకంటే ముందే కనిపెట్టేశారు."

పరిశోధన మూతపడలేదు. తీగల పందిరి నిలిచింది, నా పేరూ నిలిచింది. మర్నాడు పొలంలో మీసం మెలేస్తూ దిగితే అప్పన్న బావ ఎదురొచ్చాడు. "సుక్క దొరికిందంట కదేటి బావ. మరి మీట ఎగేత్తాను, తానం సేసీ."

ఆ పుల్ల ఇప్పటికీ నా బీరువాలో ఉంది. దాన్ని పట్టుకుని ఆ రోజే సూర్యుడి సాక్షిగా, దానియేలు వాచీ సాక్షిగా ప్రమాణం చేశాను. ఆకాశంలో ఏం మెరిసినా సరే, నా నెత్తి మీద పడే నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తేల్చుకున్నాకే చొక్కా విప్పుతాను.